గెస్టు సారుకు డస్టర్ ఇచ్చే ముందు: చేయవలసినవి, చేయకూడనివి

కాలేజీలు గెస్ట్ లెక్చరర్‌ను పిలిచేది ఎప్పుడూ ఆలస్యమయ్యాకే. సెమిస్టర్ మొదలై వారాలు గడిచాక ఖాళీల లెక్క తేలుతుంది. ఆ తర్వాత పేపర్లో ప్రకటన, డెమో, పైనుంచి అనుమతి. అప్పటికి ఆ పీరియడ్‌లో గేటు బయటికి వెళ్లి టీ తాగడం పిల్లలకు అలవాటైపోయి ఉంటుంది. వచ్చిన మనిషి చేతికి డస్టరూ రెండు చాక్‌పీసులూ ఇచ్చి, "సెకండియర్, ఏడో నంబరు గది" అని వేలు చూపిస్తారు. నవంబరు వచ్చేసరికి ఆయన పాఠం అర్థం కావడం లేదని ఫిర్యాదు.

నంద్యాల, ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల, బనగానపల్లె. డిగ్రీ కాలేజీ కావచ్చు, పాలిటెక్నిక్ కావచ్చు, ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ కావచ్చు. గంటల లెక్కన వచ్చి చెప్పిపోయే అధ్యాపకులు లేకుండా టైంటేబుల్ నిండడం కష్టమైన రోజులివి. ఇది మన జిల్లాకే వచ్చిన ఇబ్బంది కాదు. అమెరికాలో 2021 నాటికి కాలేజీ అధ్యాపకుల్లో 68 శాతం మంది శాశ్వత హోదా దక్కే అవకాశం లేని నియామకాల్లోనే ఉన్నారని అక్కడి ప్రొఫెసర్ల సంఘం లెక్క తేల్చింది. 1987లో అది 47 శాతం. మన యూజీసీ 2018 నిబంధనల్లో కాంట్రాక్టు నియామకాలు మొత్తం పోస్టుల్లో 10 శాతం దాటకూడదని రాసింది. ఆ గీత ఎక్కడ ఉందో, కాలేజీలు ఎక్కడ ఉన్నాయో స్టాఫ్ రూమ్‌లో కూర్చున్న ఎవరినడిగినా చెబుతారు.

గెస్టులు వద్దనడం కాదు ఈ సూచనల ఉద్దేశం. వాళ్లలో పీహెచ్‌డీలున్నారు, నెట్ పాసైనవాళ్లున్నారు, రెగ్యులర్లకంటే బాగా చెప్పేవాళ్లూ ఉన్నారు. వాళ్ల పాఠం దెబ్బతినేది చాలాసార్లు వాళ్లకు రాక కాదు, వాళ్లకు చెప్పాల్సింది ఎవరూ చెప్పక. మామూలు తరగతి గదిలో దాని నష్టం మార్కుల్లో కనబడుతుంది. ల్యాబ్‌లో, వర్క్‌షాప్‌లో అయితే చేతివేళ్ల మీద, కళ్ల మీద పడుతుంది. అందుకే ప్రిన్సిపాల్, డిపార్ట్‌మెంట్ ఇన్‌చార్జి వీటిని భద్రతా సూచనలుగానే చదువుకోవాలి.

పిలిచే ముందు

చేయవలసినది: ఒక్క పేజీ కాగితం ఇవ్వండి. ఏ పేపర్లు, వారానికి ఎన్ని గంటలు, గంటకు ఎంత, బిల్లు ఏ తేదీకి పెడతారు, సెలవు కావాలంటే ఎవరికి చెప్పాలి, ఎప్పటివరకు పని. దీనికి లాయరు అక్కర్లేదు, కాలేజీ ముద్ర, సంతకం చాలు. ఈ కాగితం లేని చోట ప్రతి చిన్న విషయమూ నోటిమాట మీద నడుస్తుంది. ప్రిన్సిపాల్ బదిలీ అయితే ఆ మాటా ఆయనతోపాటే వెళ్లిపోతుంది.

చేయవలసినది: సిలబస్, పాత ప్రశ్నపత్రాలు, ఇప్పటికి ఏ యూనిట్ దాకా అయిందన్న వివరం మొదటి క్లాసుకు కనీసం మూడు రోజుల ముందు చేతిలో పెట్టండి. 2023-24లో డిగ్రీలో సింగిల్ మేజర్ విధానం వచ్చాక పేపర్ల పేర్లే మారిపోయాయి. అయిదేళ్ల కింద బీఎస్సీ చదివి వచ్చిన కుర్రాడికి తన సబ్జెక్టు తెలిసినా, పేపర్ కొత్తదే.

చేయకూడనిది: ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసి బీరువాలో పెట్టుకోవడం. చూడండి, సరిపోల్చుకోండి, జిరాక్సులు తీసుకుని అక్కడికక్కడే తిరిగిచ్చేయండి. మనిషి మధ్యలో వెళ్లిపోతాడన్న భయంతో కొన్ని ప్రైవేటు యాజమాన్యాలు చేసే పని ఇది. ఉండాలనిపించే చోట ఎవరూ మధ్యలో వెళ్లరు. వెళ్లాలనుకున్నవాడిని సర్టిఫికెట్ పట్టుకుని ఆపితే మిగిలేది మనసు లేని పాఠం.

చేయకూడనిది: "ఉండండి సార్, ఏదో ఒకరోజు రెగ్యులర్ చేస్తారు" అని ఆశ పెట్టడం. 2023లో రాష్ట్రం చేసిన క్రమబద్ధీకరణ చట్టం 2014 జూన్ 2కు ముందు నుంచీ పనిచేస్తున్న కాంట్రాక్టు ఉద్యోగుల కోసం వచ్చింది. నిన్న మొన్న గంటల లెక్కన చేరినవాళ్లకు దాన్ని చూపించి పని చేయించుకోవడం మోసమే.

చేయకూడనిది: ఎవరూ తీసుకోని పేపర్లన్నీ పోగేసి కొత్తగా వచ్చినవాళ్లకు అంటగట్టడం. జంతుశాస్త్రం ఎమ్మెస్సీకి తన పేపర్ ఒకటి, స్కిల్ కోర్సు ఒకటి, ఇంకెవరో వదిలేసిన మరొకటి ఇచ్చి, మూడూ సమానంగా చెప్పమంటే ఎలా? కనీసం ఒక్క పేపరైనా వాళ్లు నిద్రలో లేపినా చెప్పగలిగేది ఇవ్వండి. పిల్లల దగ్గర నిలబడటానికి ఆ ఒక్కటే ఆసరా.

బస్సు, టైంటేబుల్

ఆళ్లగడ్డలో చెప్పే చాలామంది ఉండేది నంద్యాలలోనే. 40వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 40 కిలోమీటర్లు. బస్సు తప్పితే బైకు. శిరివెళ్ల మెట్ట దాటేటప్పుడు లారీల మధ్య మొదటి పీరియడ్ కోసం గంటకు ఎనభై వేగంతో పోయేది ఎవరంటే, నిమిషం ఆలస్యమైతే ఆ గంట డబ్బు పోతుందని తెలిసిన మనిషే.

గెస్టుల గంటలను వరుసగా వేయండి. ఉదయం మొదటి పీరియడ్ ఒకటి, సాయంత్రం చివరి పీరియడ్ ఒకటి ఇచ్చి మధ్యలో నాలుగు గంటలు ఖాళీగా కూర్చోబెట్టకండి. ఆ నాలుగు గంటలకు పైసా ఇవ్వరు, కూర్చోవడానికి కుర్చీ ఉండదు. వానలు పట్టి కుందూ, వాగులు పొంగిన రోజుల్లో దూరం నుంచి వచ్చేవాళ్లను ఫోన్ చేసి ఆపండి, ఆ క్లాసును మరో రోజుకు మార్చండి. "వస్తే డబ్బు, రాకపోతే లేదు" అన్న నియమం ఒక్కటే నడిపిస్తే మనిషి నీళ్లలో బండి దింపుతాడు.

నంద్యాల అనగానే బ్యాంకు కోచింగ్. రాష్ట్రం నలుమూలల నుంచి పిల్లలు ఇక్కడికి వస్తారు. మన గెస్టుల్లో కొందరు తెల్లవారుజామునో రాత్రో అక్కడ రీజనింగో ఇంగ్లీషో చెప్పి బతుకుతారు. దాన్ని తప్పుగా చూడకండి, దాచుకోవాల్సిన విషయంగా చేయకండి. ఏ గంటలు వీలు కావో ముందే అడిగి టైంటేబుల్ వేయండి. అడగని చోటే అబద్ధపు సెలవులు పుడతాయి.

ల్యాబ్, వర్క్‌షాప్

ఈ విభాగం మీద మిగతావాటికంటే ఎక్కువసేపు ఆగాలి. గెస్టును నేరుగా ప్రాక్టికల్స్‌కు పంపడం కాలేజీలు చేసే పనుల్లో అన్నిటికంటే ప్రమాదకరమైనది. ఆ మనిషి తాను చదివిన ల్యాబ్‌ను తలలో పెట్టుకుని వస్తాడు. ఇక్కడ గ్యాస్ వాల్వ్ ఎక్కడుందో, మెయిన్ స్విచ్ ఏదో, ఏ సీసా లేబుల్ చెరిగిపోయిందో ఆయనకు తెలియదు. తెలిసింది ల్యాబ్ అటెండర్‌కు.

అందుకే మొదటి ప్రాక్టికల్‌కు ముందు, పిల్లలు లేని సమయంలో, అటెండర్‌తో కలిసి గంటసేపు ల్యాబ్ అంతా తిప్పండి. గ్యాస్ ఆపే చోటు, మంటలార్పే సిలిండర్, దాని గడువు తేదీ, ఫస్ట్ ఎయిడ్ పెట్టె, నీళ్ల కుళాయి, తలుపు బయటినుంచి గడియ పడుతుందా లేదా. ఇవన్నీ కళ్లతో చూపించాలి, కాగితం మీద సంతకం తీసుకుంటే సరిపోదు.

మే నెలలోనో ఏప్రిల్‌లోనో సప్లిమెంటరీ ప్రాక్టికల్స్ పడతాయి. నంద్యాల ఎండ సంగతి కొత్తగా చెప్పేదేముంది. ఆ వేడికి గాఢ అమ్మోనియా సీసాలో ఒత్తిడి పెరిగి, మూత తిప్పగానే ఆవిరి ముఖానికి కొడుతుంది. కొత్తగా వచ్చిన అమ్మాయి సీసా మీద చెయ్యి వేయగానే అనుభవమున్న అటెండర్ ఇలా అంటాడు: "మేడం, అది ఇప్పుడు తిప్పొద్దు. రేపు పొద్దున చల్లపూట నేను తీసిపెడతా." ఇలాంటి మాట ఏ మాన్యువల్‌లోనూ ఉండదు. అటెండర్ అలా అనగలిగే చనువు, మేడం అది వినగలిగే మర్యాద, రెండూ కాలేజీలో ఉండాలి.

కెమిస్ట్రీకి వెళ్లే గెస్టు గుర్తుపెట్టుకోవలసినవి, పిల్లలకు మొదటి రోజే చెప్పవలసినవి కొన్ని. సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని నీళ్లలో కొద్దికొద్దిగా పోయాలి. ఆమ్లంలో నీళ్లు పోయకూడదు. పిపెట్‌ను నోటితో పీల్చకూడదు, రబ్బరు బల్బు వాడాలి. హైడ్రోజన్ సల్ఫైడ్ వాడే చోట కుళ్లిన కోడిగుడ్డు వాసన రావడం మంచిదే, అది హెచ్చరిక. ఆ వాసన ఉన్నట్టుండి తెలియకుండా పోయిందంటే గ్యాస్ తగ్గిందని అనుకోకండి. గాఢత పెరిగినప్పుడు ముక్కు ఆ వాసనను పట్టడం మానేస్తుంది. పిల్లలను వెంటనే బయటికి పంపండి. కంట్లో ఆమ్లం పడితే నిమ్మకాయ, పాలు, సోడా అంటూ ఎవరి వైద్యం వారు మొదలుపెట్టకుండా పదిహేను నిమిషాలపాటు ధారగా నీళ్లతో కడగాలి, తర్వాత ఆసుపత్రి. నైట్రిక్ ఆమ్లం మిగులును, స్పిరిట్ లాంటి సేంద్రియ ద్రావకాలను ఒకే వ్యర్థాల సీసాలో పోయకూడదు.

పాలిటెక్నిక్ వర్క్‌షాప్‌లో లెక్క వేరు. లేత్ మెషీన్ దగ్గర చక్ కీని చక్‌లోనే వదిలి మోటార్ ఆన్ చేస్తే అది తూటాలా ఎగిరి వస్తుంది. కీ చక్‌లో ఉన్నంతసేపు చెయ్యి దాని మీదే ఉండాలి. చెయ్యి తీస్తున్నామంటే కీ కూడా తీయాలి. తిరిగే మెషీన్ దగ్గర చేతి గ్లౌజులు రక్షణ కాదు, ప్రమాదం: గుడ్డ చిక్కుకుంటే వేలును లాగుతుంది. చున్నీ, వదులు చేతులు, ఉంగరం, మెడలో వేలాడే ఐడీ కార్డు ట్యాగు అన్నీ ముందే తీయించాలి. ఐడీ కార్డు లేదని గేటు దగ్గర ఆపే కాలేజీయే లేత్ దగ్గర దాన్ని తీయమనాలి. ఈ చిన్న వైరుధ్యాన్ని కొత్త సారుకు ముందే చెప్పండి.

చేయకూడనిది: ముప్పై మంది పిల్లలున్న బ్యాచ్‌కు ఒక్క గెస్టును ఒంటరిగా పంపడం. రెగ్యులర్ అధ్యాపకుడో అటెండరో పక్కనుండాలి. అటెండర్ సెలవు పెడితే ఆ రోజు ప్రాక్టికల్ ఆపే అధికారం గెస్టుకు ఉండాలి. ఆపినందుకు గంట డబ్బు కోయకూడదు. కోస్తే ఎవరూ ఆపరు.

తరగతి గది

2021-22 నుంచి మన డిగ్రీ కాలేజీలన్నీ ఇంగ్లీషు మీడియమే. ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే పిల్లల్లో చాలామంది అంతకుముందు తెలుగులో చదివినవాళ్లు. కొత్త గెస్టు ఉద్యోగం నిలబెట్టుకోవాలన్న తాపత్రయంలో పుస్తకంలోని ఇంగ్లీషును అలాగే బోర్డు మీదికి ఎక్కిస్తాడు, పిల్లలు అలాగే దించుకుంటారు. గంట అయిపోతుంది, ఇద్దరికీ ఏమీ మిగలదు. తెలుగులో వివరించి, పదాలూ జవాబులూ ఇంగ్లీషులో రాయించమని ప్రిన్సిపాలే ముందుగా చెప్పాలి. ఆ మాట పైనుంచి వస్తేనే వాళ్లకు ధైర్యం.

మొదటి పదిహేను రోజుల్లో ఎవరైనా ఒక సీనియర్ అధ్యాపకుడు వెళ్లి పాఠం వినాలి. చెప్పాపెట్టకుండా వెనుక బెంచీలో కూర్చుని నోట్‌బుక్‌లో ఏదో రాసుకుంటూ ఉండటం కాదు. ముందు రోజే చెప్పాలి, పాఠమయ్యాక టీ తాగుతూ రెండు మాటలు మాట్లాడాలి: బోర్డు పని ఎలా ఉంది, చివరి బెంచీ పిల్లలు ఏం చేస్తున్నారు, ఏ ఉదాహరణ అతికింది, ఏది తేలిపోయింది. ఆ మాటలు సర్వీసు ఫైలుకు ఎక్కకూడదు. ఇంకో మాట: గెస్టు కూడా సీనియర్ క్లాసుకు వెళ్లి కూర్చునే వీలుండాలి. సీనియర్లకిది అంతగా నచ్చదు, అయినా అడగండి.

విద్యార్థుల అభిప్రాయాల ఫారాలు తీసుకోండి, కాని వాటిని ఒక్కటే ఆధారం చేసుకుని మనిషిని పంపేయకండి. ఇంటర్నల్ మార్కులు ధారాళంగా వేసే సారుకు ఫారంలో అయిదుకు అయిదు వస్తాయి. హాజరు గట్టిగా వేసే మేడంకు రెండు. గెస్టు ఉద్యోగం ఆ ఫారం మీదే ఆధారపడితే ఇంటర్నల్ మార్కులకు విలువ పోతుంది. ఇది పిల్లలకు కూడా బాగా తెలుసు.

టీచింగ్ డైరీ రాయించండి, కాని రోజుకు అయిదు నిమిషాల్లో అయ్యేలా. న్యాక్ బృందం వచ్చే యేడు డిపార్ట్‌మెంట్ ఫైళ్లన్నీ గెస్టుల నెత్తిన వేసే ఆచారం చాలాచోట్ల ఉంది. వేసవిలో కరపత్రాలు పట్టుకుని అడ్మిషన్ల కోసం పల్లెలు తిరగమనే ప్రైవేటు కాలేజీలూ ఉన్నాయి. ఇంతమందిని చేర్పిస్తేనే వచ్చే యేడు ఉద్యోగం అంటే, చేరిన పిల్లాడిని ఫెయిల్ చేసే ధైర్యం ఆ సారుకు ఎక్కడినుంచి వస్తుంది?

డబ్బు

యూజీసీ 2019 జనవరిలో గెస్ట్ ఫ్యాకల్టీకి పీరియడ్‌కు 1,500 రూపాయలు, నెలకు 50,000 మించకుండా ఇవ్వవచ్చని సవరించింది. ఊరి కాలేజీల్లో చేతికొచ్చేది దానికి చాలా దూరం. రేటు పెంచడం ప్రిన్సిపాల్ చేతిలో లేదు, ఒప్పుకుందాం. బిల్లు తేదీ మాత్రం ఆయన చేతిలోనే ఉంది. నెలాఖరున గంటల లెక్క ఖరారు చేసి వారంలోపు బిల్లు పెట్టించండి. "బడ్జెట్ రిలీజ్ కాలేదు" అన్నది నిజమే కావచ్చు. కానీ బిల్లే పెట్టకుండా ఆ మాట అనకండి. బిల్లు ఎక్కడ ఆగిందో నెలకోసారి వాళ్లకు మీరే చెప్పండి, వాళ్లచేత ఆఫీసు గుమ్మం దగ్గర అడిగించుకోకండి.

దసరా, సంక్రాంతి సెలవుల నెలల్లో గంటల లెక్క సగానికి పడిపోతుంది. ఆ నెలల్లో మిడ్ పేపర్లు దిద్దడం, ప్రశ్నపత్రం తయారుచేయడం లాంటి పనులకు నిబంధనలు ఒప్పుకున్నంత మేర గంటలు లెక్కకట్టండి. దిద్దడం ఉచిత సేవ అనుకునే చోట పేపర్లు పైపైనే దిద్దబడతాయి.

న్యాయస్థానాలు ఈ విషయంలో మెత్తగా ఏమీ లేవు. ఒకే పనికి ఒకే వేతనం సూత్రం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2016 అక్టోబరులో జగ్జీత్ సింగ్ కేసులో చెప్పింది. 2025 ఆగస్టులో గుజరాత్ కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్ల కేసులో, నెలకు 30 వేలతో పనిచేయించుకోవడాన్ని గట్టిగా తప్పుపట్టింది. గంటల గెస్టులకు ఇవి నేరుగా అంటుతాయా లేదా అన్నది వేరే చర్చ. గాలి ఎటు వీస్తోందో యాజమాన్యాలు గమనిస్తే మంచిది.

మహిళా అధ్యాపకులు

పనిచేసే చోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం రెగ్యులర్, తాత్కాలిక, రోజుకూలీ అన్న తేడా చూడదు. అంతర్గత ఫిర్యాదుల కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు చేరిన రోజే ఇవ్వండి. కమిటీ బోర్డు ప్రిన్సిపాల్ గదిలో ఉంటే ఎవరూ అక్కడ నిలబడి నంబరు రాసుకోరు, స్టాఫ్ రూమ్‌లో పెట్టండి. గర్భిణి అని తెలియగానే "వచ్చే సెమిస్టర్ చూద్దాం మేడం" అని పంపేయకండి. సాయంత్రం ప్రాక్టికల్స్ ఆలస్యమైతే ఆళ్లగడ్డ నుంచి చివరి బస్సులకు అందేలా ఆపండి.

బయటి నిపుణులు

పార్ట్‌టైం అధ్యాపకుడంటే ఉద్యోగం దొరకని ఎమ్మెస్సీ ఒక్కడే కానక్కర్లేదు. 2022లో యూజీసీ తెచ్చిన ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ పద్ధతిలో, డిగ్రీల పట్టింపు లేకుండా తమ రంగంలో కనీసం 15 ఏళ్ల అనుభవమున్నవాళ్లను పిలవవచ్చు. నంద్యాలలో 1906 నుంచి వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. యంత్రంతో కోయడానికి వీలుగా నిటారుగా పెరిగే ఎన్‌బీఈజీ 47 శనగ రకం ఇక్కడిదే. దాన్ని పుస్తకంలో చదవడం వేరు, పెంచిన శాస్త్రవేత్త నోట బోటనీ పిల్లలు వినడం వేరు. ఆళ్లగడ్డ శిల్పుల దగ్గర చరిత్ర పిల్లలకు ఒక పూట పెట్టండి. అలా పిలిచినప్పుడు తోడుగా ఒక లెక్చరర్ ఉండి, ప్రశ్నలు అందించి, సిలబస్‌తో ముడి వేయాలి. శిల్పిని స్టేజీ మీద శాలువా కప్పి పంపేస్తే పాఠం కాదు. షెడ్డుకు పిల్లలను తీసుకెళ్తే రాయి కోసే యంత్రాలకు దూరంగా, గాలి వచ్చే వైపున నిలబెట్టండి. రాతి ధూళిలోని సిలికా ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. చేతిరుమాలు దాన్ని ఆపదు, మంచి మాస్కు కావాలి.

గెస్టుగా వెళ్లేవాళ్లకు

కాగితం ఇవ్వకపోతే మీరే వాట్సాప్‌లో మర్యాదగా రాసి పెట్టండి: "సార్, ఈ పేపర్లు, ఈ గంటలు అనుకున్నాం, సరేనా?" ఆయన "ఓకే" అన్నా అది ఆధారమే. మీ గంటల లెక్క మీ డైరీలోనూ ఉండాలి. తెలియని ప్రయోగం పిల్లల ముందు మొదటిసారి చేయకండి. విద్యార్థులతో వ్యక్తిగత ఫోన్ సంభాషణలు పెట్టుకోకండి, గ్రూపులోనే చెప్పండి. మీకూ వాళ్లకూ వయసులో తేడా నాలుగేళ్లే కావచ్చు.

సెమిస్టర్ చివర

ఇంటర్నల్ మార్కుల జాబితా, దిద్దిన పేపర్లు, ఎంతవరకు చెప్పారన్న వివరం ఒక ఫైల్లో పెట్టించి తీసుకోండి. వచ్చే సెమిస్టర్‌లో మరొకరు వస్తే వాళ్లు మళ్లీ మొదటి యూనిట్ మొదలుపెట్టకుండా ఉంటారు. ఆఖరి బిల్లు పెట్టకముందే మనిషిని రిలీవ్ చేయకండి. అనుభవ ధ్రువపత్రం అడిగించుకోకుండా ఆ వారంలోనే ఇవ్వండి. అందులో చెప్పిన పేపర్ల పేర్లు, గంటలు, చేయించిన ప్రాక్టికల్స్ రాయండి. "సంతృప్తికరంగా పనిచేశారు" అన్న ఒక్క వాక్యం చూపించినా తర్వాతి డెమోలో ఎవరూ పట్టించుకోరు.